రికార్డింగులో నాలుగు నిమిషాలు

జూన్ 9

ఫారం నింపాను. పేరు, వయసు, చదువు, పదకొండేళ్ళ అనుభవం, అన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. చివరి ప్రశ్న దగ్గర కలం ఆగిపోయింది. "ఈ శిక్షణ ఎందుకు తీసుకోవాలనుకుంటున్నారు? రెండు వందల మాటల్లో రాయండి."

నిజంగా రాయాలంటే ఒక్క వాక్యం చాలు. కింద గదిలో డాక్టరుగారు మందుల చీటీ రాసిచ్చి, "పైన మాట్లాడే మేడం ఉన్నారు, వెళ్ళి కాసేపు మాట్లాడుకోండి" అంటారు. పదకొండేళ్ళుగా ఇదే మాట. ఆయన మంచి మనిషే, వెటకారం కూడా కాదు. అయినా మెట్ల మీదుగా ఆ మాట వినపడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. నేను చేసే పనికి ఒక పేరుంది, పద్ధతి ఉంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పాలంటే నా దగ్గరున్నది ఎప్పుడో చేసిన ఆరు నెలల కౌన్సెలింగు కోర్సు కాగితం.

అది రాయలేను కదా. "రోగులకు మరింత మెరుగైన సేవ అందించాలనే తపనతో" అని మొదలుపెట్టాను. తపన అనే మాట పడ్డాక మిగతాదంతా దానంతటదే వచ్చేసింది.

కళ్ళజోళ్ళ దుకాణం కట్టేసి వచ్చిన మావారు చదివి, "బాగుంది, ఎవరు రాశారు?" అన్నారు.

జూన్ 10

నూట తొంభై ఎనిమిది మాటలు. ఒక్కటీ అబద్ధం కాదు. మళ్ళీ చదివి మరీ చూసుకున్నాను.

జూన్ 27

సీటొచ్చింది. ఏడాది కోర్సు, శనివారాలు క్లాసులు. నలభై ఏడేళ్ళకి మళ్ళీ బ్యాగు తగిలించుకుంటానంటే మా అమ్మాయికి ఎక్కడలేని సంబరం. "అమ్మా, అటెండెన్సు తగ్గితే నాన్నని తీసుకురమ్మంటారు, జాగ్రత్త" అంటుంది. ఇన్నాళ్ళూ నేను తన వెంటపడి చదివించినందుకు వడ్డీతో సహా తీర్చుకుంటోంది.

జూలై 13

మా మీద పర్యవేక్షణకి ఒక పెద్దావిడ ఉన్నారు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పనిలో ఉన్నారట. మేం చెప్పే ప్రతి మాటలో ముడత వెతికి సాఫు చేస్తారు కాబట్టి మొదటి గంటలోనే ఎవరో ఇస్త్రీ మేడం అని పేరు పెట్టేశారు. ఎవరో ఏమిటి, నేనే పెట్టాను.

ఆవిడ చెప్పింది ఇది. ప్రతివాళ్ళూ తమ దగ్గరికొచ్చే ఒక మనిషి అనుమతి తీసుకుని మూడు సార్లు ఫోనులో రికార్డు చెయ్యాలి. ఒక్కొక్కటి నలభై నిమిషాలకి తగ్గకూడదు, మధ్యలో తెగకూడదు. తర్వాత మొత్తం మన చేతులతోనే కాగితం మీద రాయాలి. దగ్గు, నిట్టూర్పు, మౌనం ఎన్ని సెకన్లు, అన్నీ.

"ఎందుకండీ అంత?" అని ఎవరో అడిగారు.

"మనం ఏం విన్నామో మనకి తెలీదు కాబట్టి" అన్నారు.

మూడు రికార్డింగుల్లో మనిషి ఎంతవరకూ కుదుటపడ్డాడన్నది కనపడాలట. దాని మీదే సర్టిఫికెట్.

జూలై 25

డ్రైవరుగారిని అడిగాను. ఒప్పుకున్నారు.

ఆయనైతేనే బాగుంటుందని మొదటినుంచీ అనుకున్నాను. యాభై రెండేళ్ళ మనిషి, ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. కిందటేడు వంతెన మీద బస్సు అదుపు తప్పి రెయిలింగుకి కొట్టుకుని ఆగింది. లోపల నలభై మంది, ఎవరికీ గీత కూడా పడలేదు. అందరినీ కాపాడారని డిపోలో సన్మానం చేసి షీల్డు ఇచ్చారు. ఆ మర్నాటినుంచి ఆయన స్టీరింగు పట్టుకోలేదు. ఇప్పుడు డిపో గేటు దగ్గర కూర్చుని, వచ్చే బళ్ళూ పోయే బళ్ళూ పుస్తకంలో రాస్తున్నారు. మూడు నెలలుగా గురువారం గురువారం నా దగ్గరికొస్తున్నారు. భయానికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వెయ్యమంటాను. వంతెన తలుచుకుంటే తొమ్మిది అంటారు. ప్రతి వారం తొమ్మిదే.

అనుమతి పత్రం చదువుకుని, "దీనివల్ల మీకేమిటి మేడం?" అన్నారు.

"నా పరీక్షండీ. మూడూ బాగా రాకపోతే ఏడాదంతా పోతుంది" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. సంతకం మాత్రం చాలా శ్రద్ధగా పెట్టారు.

ఆగస్టు 8

మొదటి రికార్డింగు. ఎనిమిది అన్నారు. మూడు నెలల్లో మొదటిసారి అంకె కదిలింది.

ఆగస్టు 22

ఆరు. కళ్ళు మూసుకుని వంతెన మొదటి దీపస్తంభం దాకా వెళ్ళొచ్చానన్నారు. క్లాసులో నేర్పిన కొత్త పద్ధతి ఎంత బాగా పనిచేస్తోందో. పదకొండేళ్ళూ నేను చేసిందేమిటో మరి. ఇంటికొచ్చి మావారికి మొత్తం పద్ధతి వివరించాను. పేరూ ఊరూ చెప్పకుండానే సుమా. ఆయన రెండు సార్లు ఆవలించారు, అయినా ఆపలేదు.

సెప్టెంబరు 5

మూడు.

సిటీ బస్సులో ప్రయాణికుడిగా కూర్చుని వంతెన దాటారట. గాలి తగిలిందట, చేతులు వణికాయట, కానీ దిగిపోలేదట. కిందకి తొంగి నది కూడా చూశారట. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. మధ్యలో నర్సు బీరువా తాళం కోసం తలుపు కొడితే కాసేపు బయటికి వెళ్ళాల్సి వచ్చింది గానీ రికార్డింగు తెగలేదు, ఫోను నడుస్తూనే ఉంది.

సెప్టెంబరు 9

డిపో నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన మళ్ళీ బస్సు నడపడానికి పనికొస్తారా లేదా తెలపమని అడిగారు. పనికొస్తారని రాశాను. డాక్టరుగారు కూడా సంతకం పెట్టి, "మాట్లాడే మేడం కాస్తా మాన్పించే మేడం అయిపోయారే" అన్నారు. బాగా మునగచెట్టు ఎక్కించారు. ఎక్కాను కూడా.

23వ తేదీ సోమవారం నుంచి ఆయనకి డ్యూటీ.

సెప్టెంబరు 15

ఆదివారం. మావారూ అమ్మాయీ బయటికెళ్ళారు. మూడో రికార్డింగు రాయడానికి కూర్చున్నాను.

పద్దెనిమిదో నిమిషంలో తలుపు చప్పుడు. "ఒక్క నిమిషమండీ, ఇప్పుడే వస్తా" అని నా గొంతు. అక్కడినుంచి ఏమీ ఉండదనుకుని ముందుకి జరపబోయాను. ఇస్త్రీ మేడం గుర్తొచ్చి ఊరుకున్నాను. మౌనం ఎన్ని సెకన్లో రాయాలి కదా.

కుర్చీ కిర్రుమంది. దగ్గు. తర్వాత ఆయన గొంతు, చాలా చిన్నగా:

"పోయినసారి ఆరు చెప్పా. ఇవాళ నాలుగు. కాదు, మూడు. మరీ తక్కువేమో. మూడే చెబుదాం, పాపం ఆవిడకి ఇదే ఆఖరుది."

మళ్ళీ దగ్గు.

"బస్సెక్కా. గాలి తగిలింది. చేతులు వణికాయి, దిగలేదు. ఇంకా ఏంటి, నది. నది చూశానని చెప్పాలి."

అదే వరస నాలుగు సార్లు. మూడోసారి నదిని ముందు చెప్పేసి, "ఛ" అనుకుని మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత తలుపు తెరుచుకుంది. "సారీ అండీ, ఎంతవరకూ వచ్చాం?" అని నేను. "బస్సెక్కా మేడం. గాలి తగిలింది" అని ఆయన. "చూశారా, ఎంత దూరం వచ్చేశారో" అని నేను.

నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.

సెప్టెంబరు 16

అందరూ తమలో తాము మాట్లాడుకుంటారు. నేనూ మాట్లాడుకుంటాను. చెప్పేముందు ఒకసారి అనుకుని చూసుకోవడం తప్పేం కాదు.

సెప్టెంబరు 17

నిబంధనల్లో ఉంది. గదిలో చికిత్సకులు లేని సమయాన్ని "అంతరాయం" అని రాస్తే సరిపోతుంది. మొత్తం రాయాల్సిన పని లేదు. నిబంధన నేను పెట్టింది కాదు.

పైగా ఆయన నిజంగానే వంతెన దాటి ఉండొచ్చు. దాటి వచ్చి, ఎలా చెప్పాలా అని సాధన చేసి ఉండొచ్చు.

సెప్టెంబరు 18

అంతరాయం అని రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను.

భోజనాల దగ్గర మావారు దుకాణంలో ఒకాయన సంగతి చెప్పారు. కంటి పరీక్ష చేయించుకోవడానికి వచ్చి, గోడ మీది అక్షరాల పటం ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడట. అనుమానం వచ్చి ఈయన పటం మారిస్తే రెండో వరస కూడా కనపడలేదట. తన ముందు వాళ్ళు చదువుతుంటే విని బట్టీపట్టాడట.

"ఎందుకు నాన్నా అలా?" అంది మా అమ్మాయి.

"ఏమోనే. అది పరీక్ష కదా, పాసవ్వాలి అనుకుంటారు. నేనెక్కడ చిన్నబుచ్చుకుంటానో అని కొంతమంది. తప్పు అద్దాలు పెట్టుకుని రోడ్డు దాటేది వాళ్ళే కదా పాపం."

కడుపులో బాగాలేదని చెప్పి లేచిపోయాను. ఆ మాట అబద్ధం కాదు.

సోమవారం ఆ బస్సులో ఎంతమంది ఎక్కుతారు?

సెప్టెంబరు 19

సెలవు పెట్టి డిపోకి వెళ్ళాను. గేటు పక్కన రేకుల గదిలో డ్రైవరుగారు పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేచి నిలబడి, ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చారు.

"మీరు నిజంగా వంతెన దాటారా?" అని అడిగాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు వేరే ఉన్నాయి. వచ్చింది మాత్రం ఇదే.

"దాటా మేడం. చెప్పాగా."

"ఆ రోజు నేను బయటికెళ్ళినప్పుడు ఫోను ఆపలేదండీ."

ఆయన కలానికి మూత పెట్టారు. బయట ఒక బండి హారన్ కొడుతోంది. రాసుకోకుండానే వెళ్ళమని చెయ్యూపారు.

"అదంతా పడిందా?"

"పడింది."

"ఇంకెవరైనా విన్నారా?"

"లేదు. నేనొక్కదాన్నే."

"అయితే తుడిచెయ్యండి మేడం. ముందు మీ పరీక్ష అయిపోనివ్వండి. నా తిప్పలేవో నేను పడతా."

"ఎందుకు చేశారండీ ఇలా?"

"మీరే చెప్పారుగా, బాగా రాకపోతే ఏడాదంతా పోతుందని. నా ఒక్కడి మూలంగా మీ ఏడాది పోవడమెందుకు? అయినా మీరంత కష్టపడుతుంటే, వారం వారం వచ్చి తొమ్మిదీ తొమ్మిదీ అని చెప్పడానికి నాకే సిగ్గేసింది."

తల తీసేసినట్టయింది. అంతకుముందు మూడు నెలలూ ఆయన నిజమే చెప్పారు. నవ్వుతూ అన్న ఒక్క మాటతో ఆ నిజాన్ని ఆపించింది నేనే. రోగి వచ్చి నన్ను పాస్ చేయించాలా?

"సోమవారం ఏ రూటు వేశారు?" అన్నాను.

"ఏడున్నర బండి. బడిపిల్లల బండి." కలం మూత తీసి మళ్ళీ పెట్టారు. "వంతెన మీదుగానే."

అంతే, ఇంక ఆయన్ని ఏమీ అడగలేదు. నేరుగా మేనేజరు గదికి వెళ్ళి, నా ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నానని కాగితం రాసిచ్చాను. ఆయన ముందు ఆ ఉత్తరం, తర్వాత ఈ కాగితం, తర్వాత నా మొహం చూశారు.

"పది రోజుల కిందట బాగైపోయాడన్నారు కదమ్మా. అతనేమైనా అబద్ధం చెప్పాడా?"

"లేదండీ. నేను సరిగా వినలేదు. తప్పు నాది."

"వినకపోతే ఎలాగమ్మా, మీ పనే అది కదా."

అవునన్నాను. ఇంకా ఎన్నో అన్నారు, అన్నిటికీ అవునన్నాను. బయటికొచ్చి నీడన నిలబడ్డాను. అవమానం జరిగినట్టు లేదు. ఆకలి వేసింది. ఎదురుగా ఉన్న కొట్లో రెండు బన్నులు కొనుక్కుని నిలబడే తినేశాను.

సెప్టెంబరు 20

డాక్టరుగారికి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "నేనూ సంతకం పెట్టాను కదా. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా" అన్నారు.

సెప్టెంబరు 21

రాసింది మొత్తం ఇచ్చేశాను. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లూ, ప్రతి దగ్గుతో సహా.

ఇస్త్రీ మేడం అక్కడే చదివారు. పెన్ను పట్టుకోలేదు. చదివాక, "నువ్వసలు ఈ కోర్సుకి ఎందుకొచ్చావమ్మా?" అన్నారు.

తపన గురించి మొదలుపెట్టబోయాను. దాన్ని వదిలేశాను. డాక్టరుగారి మాట గురించి చెప్పాను. అది చెప్పాక దాని వెనకాల ఉన్నది కూడా వచ్చేసింది. పదకొండేళ్ళలో నా దగ్గరికి ఎన్ని వందల మంది వచ్చారో. కొన్నాళ్ళు వస్తారు, ఒక వారం రారు. బాగైపోయి మానేశారా, నా దగ్గర ఏమీ దొరక్క మానేశారా? ఎలా మానేసినా నాకు కనపడేది ఆ ఖాళీ కుర్చీయే. ఇంటికి పోతూ పోతూ బాగై ఉంటారులే అనుకుంటాను. పదకొండేళ్ళుగా అలాగే అనుకుంటున్నాను. అది తెలుసుకునే ఉపాయం ఏదో ఇక్కడ నేర్పుతారనుకున్నాను.

నోరు తెరిచాక తెలిసింది, ఇది నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదని. ఈ డైరీలో కూడా రాయలేదు.

ఆవిడ, "నాకూ అదే బాధ" అన్నారు. ఓదార్పు కాదు, మామూలుగానే అన్నారు. తర్వాత లెక్క తేల్చారు. మూడో రికార్డింగు చెల్లదు, దాంతో మొదటి రెండూ అనుమానమే. నవంబరు ఆఖరులోగా కొత్తది ఒక్కటైనా ఇవ్వాలి. నలభై నిమిషాలు, తెగకుండా. ఇవ్వలేకపోతే ఈ ఏడాది పోయినట్టే, వచ్చే జూన్‌లో మళ్ళీ మొదటినుంచి.

మా అమ్మాయికి చెప్పాను. "అమ్మకి సప్లీ వచ్చింది" అని ఇల్లంతా చాటింది.

అక్టోబరు 3

డ్రైవరుగారు వచ్చారు. రారనుకున్నాను.

"ఆ సోమవారం గురించి కాగితం వచ్చిన రోజునుంచీ నాకు నిద్ర లేదు మేడం. మీరు ఉత్తరం వెనక్కి తీసుకున్నారని మేనేజరు చెప్పగానే వెళ్ళి గేటు దగ్గర బల్ల మీద ఒరిగా. మధ్యాహ్నం రెండింటికి. లేచేసరికి ఆరు. నాలుగు గంటల్లో ఎన్ని బళ్ళు పోయాయో ఏమో, పుస్తకంలో ఒక్కటీ లేదు."

"తిట్టారా?"

"తిట్టారు. హాయిగా ఉంది."

ఇద్దరం నవ్వాం. చాలాసేపు నవ్వాం. నర్సు తలుపు తీసి చూసి మూసేసింది.

అంకె అడిగితే పది అన్నారు. ఇన్నాళ్ళూ తొమ్మిదే కదా అంటే, "అప్పుడు కూడా కొంచెం తగ్గించే చెప్పా మేడం" అన్నారు.

అక్టోబరు 24

పది. నేనేమీ చెయ్యలేదు, విన్నాను.

నవంబరు 7

పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, "బ్రేకులు ఫెయిలయ్యాయని అందరూ అన్నారు మేడం. నేను అవుననలేదు, కాదనలేదు" అన్నారు. నేను లేచేలోపే మెట్లు దిగిపోయారు.

నవంబరు 14

కొత్త రికార్డింగుకి ఆయనే అడిగారు. వద్దన్నాను. "ఈసారి బాగుపడను, భయపడకండి" అన్నారు. దానికి నవ్వు ఆపుకోలేకపోయాను. అనుమతి పత్రం మొత్తం చదివి వినిపించాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపించే హక్కు ఆయనదేనన్న వాక్యం రెండు సార్లు చదివాను. కిందటిసారి అది ఆయన్నే చదువుకోమన్నాను.

ఫోను బల్ల మీద పెట్టి నొక్కాను. గేటు దగ్గర పని గురించి, నిద్ర గురించి, ఇంట్లో అటక మీద పెట్టేసిన షీల్డు గురించి చెప్పారు. పది నిమిషాలయ్యాక మాట ఆగింది. నేనూ ఆగాను. ఇస్త్రీ మేడం నేర్పింది ఏదైనా ఉంటే అదే, ఆగడం. ఆ మౌనంలో ఆయన తన కుడికాలి బూటు వంక చూస్తూ కూర్చున్నారు.

"మేడం, ఇది కాసేపు ఆపుతారా?"

ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు కావాలి. నవంబరులో ఆయన వచ్చే గురువారాలు ఇంక రెండే ఉన్నాయి. ఈ లెక్క నేను తర్వాత, రిక్షాలో ఇంటికొస్తూ వేసుకున్నది. అప్పుడు మాత్రం చెయ్యి దానంతటదే వెళ్ళి ఆపేసింది.

చెప్పారు. ఆ నలభై మందికీ తెలియనిది, షీల్డు ఇచ్చినవాళ్ళకీ తెలియనిది. గంటంపావు చెప్పారు. పోయేటప్పుడు అంకె నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు మాత్రం వచ్చినప్పటికంటే తేలిగ్గా వినపడింది. అలా అనుకుంటున్నానేమో కూడా.

నవంబరు 21

డ్రైవరుగారు మేనేజరుతో మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడారో ఆయనిష్టం. ఇంక స్టీరింగు అడగనని చెప్పి, కొత్తగా చేరేవాళ్ళకి నేర్పే పని ఉంటే ఇమ్మన్నారట. వచ్చే గురువారం రానని చెప్పారు. రికార్డింగుకి ఫోను తీస్తే వద్దన్నారు. "ఇక్కడికొచ్చి కూర్చోవాల్సిన పని అయిపోయింది మేడం. చెప్పకుండా మానేస్తే బాగుండదని వచ్చా" అన్నారు.

ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని ఏడ్చాను. సంతోషంగానే.

నవంబరు 23

ఉన్నది ఇచ్చాను. పన్నెండు నిమిషాలు, ఆరు పేజీలు. ఆఖరి వరస "నేను: ఆపేశానండీ, చెప్పండి."

ఇస్త్రీ మేడం ఆ వరస మీద వేలు పెట్టారు. "మిగతాది?" అన్నారు.

"మిగతాది ఆయనదండీ" అన్నాను.

కాగితాలు సర్ది, క్లిప్పు పెట్టి, నా పేరు వచ్చే జూన్ జాబితాలో రాసుకున్నారు. ఏడాది పోయింది. ఇంట్లోకి కూనిరాగం తీస్తూ వచ్చానని మావారు చెబితే తెలిసింది.

ఆయనేం చెప్పారని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే ఆ కోర్సుకి నేను మళ్ళీ వెళ్ళేదాన్ని కాదు. అడగలేదు కాబట్టి జూన్‌లో వెళ్తాను.